టికెట్ ఎక్కడ ఆగితే జీతం అక్కడ

ఇద్దరి రెజ్యూమెల్లోనూ "సపోర్ట్ ఇంజినీర్" అనే ఉంటుంది. ఇద్దరికీ ఆరేళ్ల అనుభవం. ఇద్దరూ హెడ్‌సెట్ తగిలించుకునే పని మొదలుపెట్టారు, ఇద్దరి దగ్గరా ఒకే సర్టిఫికెట్ ఉంది. అయినా ఒకరి జీతం ఇంకొకరి జీతానికి దాదాపు రెట్టింపు. కంప్యూటర్ సపోర్ట్‌లో ఇది వింతేమీ కాదు, తరచూ కనబడేదే. కారణం అడిగితే రకరకాల జవాబులు వస్తాయి. కంపెనీ పెద్దదంటారు, అదృష్టమంటారు, తెలిసినవాళ్లు చెప్పి పెట్టించారంటారు. వాటిలో కొంత నిజం లేకపోలేదు. కానీ ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఆ మనిషి దగ్గరికి వచ్చిన టికెట్, అంటే నంబరు వేసి నమోదుచేసిన ఫిర్యాదు, అక్కడే ఆగుతుందా, పైకి పోతుందా?

గందరగోళమంతా సపోర్ట్ అనే మాటతోనే మొదలవుతుంది. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం తీసేదీ సపోర్టే, అర్ధరాత్రి పడిపోయిన సర్వర్‌ని లేపేదీ సపోర్టే. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రపంచంలోని ఉద్యోగాలన్నిటికీ నంబర్లు వేసి ఒక పట్టిక తయారుచేసింది. 2008 నాటి ఆ పట్టికలో యూజర్ సపోర్ట్ టెక్నీషియన్ నంబరు 3512. నెట్‌వర్క్, సిస్టమ్స్ టెక్నీషియన్‌ది 3513. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ దగ్గరికి వచ్చేసరికి అది 2522 అవుతుంది. ఇక్కడ చూడాల్సింది మొదటి అంకె. 3తో మొదలయ్యేవి టెక్నీషియన్ల ఉద్యోగాలు, 2తో మొదలయ్యేవి ప్రొఫెషనల్స్‌వి. 2512 నంబరున్న సాఫ్ట్‌వేర్ డెవలపర్ కూడా ఈ రెండో గుంపులోనే ఉంటారు. సపోర్ట్‌లో చేరినవాళ్లు జీతం గురించి పడే తాపత్రయమంతా, వాళ్లకి ఆ పట్టిక సంగతి తెలియకపోయినా, ఆ మొదటి అంకెని 3 నుంచి 2కి మార్చుకోవడం గురించే. కొందరికి మూడు నాలుగేళ్లలో మారుతుంది. కొందరికి పదిహేనేళ్లయినా మారదు, పని రాక కాదు.

ఒక టికెట్, మూడు కుర్చీలు

ఒక ఉద్యోగి హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశారనుకుందాం. "షేర్డ్ ఫోల్డర్ ఓపెన్ అవట్లేదు. పాస్‌వర్డ్ అడుగుతోంది, కొడితే తీసుకోవట్లేదు."

మొదటి కుర్చీ ఎల్1, అంటే లెవల్ 1, సపోర్ట్‌లో మొదటి మెట్టు. ఫోన్ చేసింది ఎవరో సరిచూసుకుంటారు, టికెట్ తెరుస్తారు, పాస్‌వర్డ్ రీసెట్ చేస్తారు, మెషిన్ రీస్టార్ట్ చేయిస్తారు. పదింట ఆరేడు సార్లు ఇంతటితో పని అయిపోయినా ఆశ్చర్యం లేదు. ఈసారి కాలేదు. ముందున్న కాగితంలో రాసిన మెట్లన్నీ అయిపోయాయి కాబట్టి టికెట్ పైకి పోతుంది.

రెండో కుర్చీ ఎల్2. మెషిన్‌లోకి రిమోట్‌గా వెళ్లి, ఏం జరిగిందో మెషిన్ తనే రాసుకునే ఈవెంట్ లాగ్ తిరగేసి, కంప్యూటర్‌లో గడియారం ఏడు నిమిషాలు వెనకబడి ఉందని పట్టుకుంటారు. కంపెనీ మెషిన్లనీ ఖాతాలనీ ఒకే చోటి నుంచి నడిపే విండోస్ డొమైన్‌లో ఎవరు ఎవరో తేల్చే కెర్బెరాస్ పద్ధతికి టైమ్ పట్టింపు ఎక్కువ. రెండు మెషిన్ల గడియారాల మధ్య 5 నిమిషాల తేడా వరకే మామూలుగా ఊరుకుంటుంది, అది దాటితే నమ్మదు. టైమ్ సరిచేయగానే ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఫోన్ చేసిన మనిషికి ఊపిరి పీల్చుకున్నంత పని అవుతుంది. టికెట్ క్లోజ్.

మూడో కుర్చీలో ఉన్నవాళ్లకి ఆ ఫోన్ సంగతే తెలియకపోవచ్చు. వాళ్లు చూసేది ఇంకొకటి: ఇలాంటి టికెట్లు ఆ వారంలో పదకొండు వచ్చాయి, అన్నీ ఒకే ఆఫీసు నుంచి. ఆ మెషిన్లన్నీ డొమైన్‌ని నడిపే ఒకే సర్వర్ నుంచి, అంటే ఒకే డొమైన్ కంట్రోలర్ నుంచి, టైమ్ తీసుకుంటున్నాయి. ఆ కంట్రోలర్ ఒక వర్చువల్ మెషిన్, అంటే హోస్ట్ అనే వేరే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్. అది తన టైమ్‌ని డొమైన్ పై మెట్టు నుంచి కాకుండా, తను నడిచే హోస్ట్ నుంచి తీసుకుంటోంది. హోస్ట్ గడియారమే తప్పు. హోస్ట్ టైమ్ సరిచేసి, కంట్రోలర్‌లో ఒక సెట్టింగ్ మారుస్తారు. మరుసటి వారం ఆ టికెట్లు రావు.

ముగ్గురూ చేసింది ఒక్క మాటలో చెప్పాలంటే రిపేరే. కానీ మొదటి కుర్చీలో ఒక ప్రయత్నం జరిగింది, రెండో కుర్చీలో ఒక మనిషి ఇబ్బంది తీరింది, మూడో కుర్చీలో ఇబ్బందికి మూలమే పోయింది. 1980ల చివర్లో బ్రిటన్ ప్రభుత్వ విభాగం ఒకటి తయారుచేసిన ఐటిల్ అనే పద్ధతిలో ఇందుకు విడివిడి పేర్లున్నాయి. ఆగిపోయిన పనిని మళ్లీ నడిచేలా చేయడం ఇన్సిడెంట్ పని. అసలెందుకు ఆగిందో కనుక్కుని అది మళ్లీ రాకుండా చేయడం ప్రాబ్లమ్ పని. ఐటిల్ ఫౌండేషన్ పరీక్ష రాసేవాళ్లు ఈ తేడాని నిర్వచనంగా బట్టీ పట్టి వదిలేస్తారు. అది జీతాల పట్టికలో గీసిన గీత అని చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

అంకెలు కూడా ఇదే చెబుతాయి. డబ్బు విలువ దేశానికో రకంగా ఉంటుంది కాబట్టి నిష్పత్తి చూడటం మేలు. ఈ ఉద్యోగాలను విడివిడిగా లెక్కగట్టే అమెరికా కార్మిక గణాంకాల విభాగం 2024 మే నెల లెక్కల్లో యూజర్ సపోర్ట్ వాళ్ల మధ్యస్థ జీతాన్ని 100 అనుకుంటే, నెట్‌వర్క్ సపోర్ట్ వాళ్లది సుమారు 121, నెట్‌వర్క్, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లది సుమారు 160. వేరే చోట ఈ అంకెలు అటూ ఇటూ మారవచ్చు, కానీ మెట్ల వరస తిరగబడటం అరుదు. ఇంకో విషయం: మొదటి రెండు మెట్ల మధ్య దూరం చిన్నది, రెండో మెట్టు నుంచి మూడోదానికి దూరం పెద్దది. ఎల్1 నుంచి ఎల్2కి వెళ్లినప్పుడు "ఇంత కష్టపడితే పెరిగింది ఇంతేనా" అని నిరుత్సాహపడేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ మెట్టు మీద దొరికేది ప్రధానంగా డబ్బు కాదు, పై మెట్టుకి కావాల్సిన హక్కులు.

హక్కులు అంటే అడ్మిన్ యాక్సెస్. ఎల్1లో పాస్‌వర్డ్ రీసెట్ చేసే హక్కు ఉంటుంది. అక్కడ పొరపాటు చేస్తే ఒక మనిషికి పది నిమిషాలు పోతాయి. ఎల్2లో మెషిన్ల మీద పూర్తి అధికారం ఉంటుంది, తప్పు చేస్తే ఒకరి రోజు పోతుంది. డొమైన్ పాలసీ మార్చగలిగిన చోట ఒక తప్పు టిక్కుకి కంపెనీ మొత్తం లాగిన్ కాలేక కూర్చుంటుంది. జీతం ఇచ్చేది పని చేసినందుకే కాదు, ఆ మీట మీద చెయ్యి వేయనిచ్చి నమ్మినందుకు కూడా. అందుకే ఎంతో తెలివైనవాళ్లు కూడా యాక్సెస్ దొరకని కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చుంటే మార్కెట్‌లో వాళ్ల విలువ పెరగదు. తెలివి ఉందని రుజువు చేసే చోటే వాళ్లకి దక్కలేదు.

ఎవరి కోసం పని, ఏ టైమ్‌లో పని

ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ల మధ్య కూడా జీతాల తేడా ఉంటుంది. దానికి పెద్ద కారణం యజమాని రకం. ఒక సంస్థ తన ఉద్యోగుల కోసం సొంతంగా పెట్టుకున్న ఐటీ టీమ్ ఒక రకం. పదుల కొద్దీ కంపెనీలకి సేవలు అమ్మే సర్వీస్ ప్రొవైడర్ ఇంకో రకం. తన సాఫ్ట్‌వేర్‌ని కొన్నవాళ్లకి సాయం చేసే ప్రొడక్ట్ కంపెనీ మూడోది. సర్వీస్ ప్రొవైడర్ దగ్గర సపోర్ట్ మనిషి గంటే సరుకు. క్లయింట్ దగ్గర వసూలు చేసేదానికీ జీతానికీ మధ్య మిగిలేదే లాభం, కాబట్టి జీతాన్ని పట్టి ఉంచే ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. అయితే నేర్చుకునే వేగం అక్కడే ఎక్కువ. పది రకాల నెట్‌వర్కులు, పది రకాల గందరగోళాలు ఒకే ఏడాదిలో చూడొచ్చు. సొంత ఐటీ టీమ్‌లో ప్రశాంతత ఎక్కువ, కొత్తదనం తక్కువ. ప్రొడక్ట్ సపోర్ట్‌లో పై మెట్ల మీద జీతాలు ఆశ్చర్యపరిచేలా ఉంటాయి. ఎందుకంటే అక్కడ సపోర్ట్ మనిషి లాగ్‌లు చదివి, కోడ్‌లో ఏ భాగం తప్పో డెవలపర్లకి చూపించాల్సి వస్తుంది. కస్టమర్ కాంట్రాక్ట్ పొడిగిస్తాడా లేదా అన్నది కూడా ఆ సంభాషణ మీద ఆధారపడుతుంది. మొదటి రెండేళ్లు సర్వీస్ ప్రొవైడర్ దగ్గర అలిసిపోయి, తర్వాత మిగతా రెండింటిలో ఒకదానికి మారడం చాలామందికి కలిసొచ్చిన దారి. రెండేళ్లని అనుకున్నది ఏడేళ్లవడమే అక్కడ ప్రమాదం.

షిఫ్టుల సంగతి వట్టి కూడికలూ భాగహారాలే. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 40 గంటలు పనిచేస్తే, ఒక్క కుర్చీని రాత్రీ పగలూ నింపడానికి నలుగురు చాలరు. సెలవులు, జబ్బులు కలుపుకుంటే ఐదుగురు కావాలి. ఐదుగురిని పెట్టుకోలేని చోట ఆన్‌కాల్ పుడుతుంది: పగలు పనిచేసినవాళ్లే రాత్రి ఫోన్ తలగడ కింద పెట్టుకుని పడుకుంటారు. ఆ రాత్రులకి విడిగా డబ్బు వస్తుందా, ఫోన్ మోగినప్పుడే వస్తుందా, అసలు రాదా అన్నది ఆఫర్ లెటర్‌లో పెద్దక్షరాల్లో ఉండదు. జీతం ఎక్కువగా కనిపించే కొన్ని ఉద్యోగాలను ఆన్‌కాల్ గంటలతో కలిపి భాగిస్తే, గంటకి వచ్చేది పగటి షిఫ్ట్ ఉద్యోగం కంటే తక్కువే అని తేలుతుంది.

కొలతల గురించి కూడా ఒక మాట. హెల్ప్‌డెస్క్‌లో రోజుకి ఎన్ని టికెట్లు మూశారు, ఒక్కో కాల్‌కి ఎన్ని నిమిషాలు పట్టింది అని లెక్కపెడతారు. లెక్కపెట్టడంలో తప్పు లేదు. కానీ పదకొండు టికెట్లని విడివిడిగా పదకొండుసార్లు మూసిన మనిషి ఆ బోర్డు మీద పైన ఉంటారు. ఆ పదకొండూ ఎందుకు వస్తున్నాయో అరపూట కూర్చుని కనుక్కున్న మనిషి కింద ఉంటారు. ఏడాది చివర హైక్ మొదటివాళ్లకే ఎక్కువ వస్తుంది. ఇది అన్యాయమే. అయితే బయటి మార్కెట్‌లో ఇదే తలకిందులవుతుంది: ఇంటర్వ్యూలో "రోజుకి ముప్పై ఐదు టికెట్లు మూశాను" అన్న మాటకి విలువ తక్కువ, ఆ అరపూట కథకి విలువ ఎక్కువ.

2024 జులై 19న జరిగింది ఈ రంగం మొత్తానికీ గుర్తుండిపోయింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, సుమారు 85 లక్షల విండోస్ మెషిన్లు నీలం తెరతో ఆగిపోయాయి. విమానాశ్రయాలు, ఆసుపత్రులు, బ్యాంకులు చిక్కుకున్నాయి. చేయాల్సిన మరమ్మతు చిన్నదే: సేఫ్ మోడ్‌లో తెరిచి ఒక ఫైల్ తీసేయాలి. కానీ చాలా మెషిన్లు పూర్తిగా తెరుచుకోవడం లేదు కాబట్టి రిమోట్‌గా చేయడానికి వీల్లేదు. డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉన్న చోట 48 అంకెల రికవరీ కీ ఒక్కో మెషిన్ దగ్గర కొట్టాల్సి వచ్చింది. కింది మెట్టు మీద ఉన్న వేలమంది ఆ వారాంతం నిద్ర లేకుండా తిరిగారు. కంపెనీల బోర్డు గదుల్లో సపోర్ట్ అనే మాట అంత గౌరవంగా వినబడిన రోజులు తక్కువ. ఆ గౌరవం జీతంలోకి ఎంతవరకు వచ్చిందంటే, తిరిగినవాళ్లకంటే, రికవరీ కీలు ఎక్కడున్నాయో ముందే తెలిసి, వాటిని చేతికందేలా పెట్టినవాళ్లకే పేరు వచ్చింది. కీలు ఉన్న సర్వర్ కూడా నీలం తెరతో ఆగిపోయిన చోట్ల ఏమైందో వేరే చెప్పక్కర్లేదు.

సర్టిఫికెట్ తలుపు తెరుస్తుంది, కుర్చీ వేయదు

చదువు విషయంలో సపోర్ట్ మిగతా ఐటీ కంటే ఉదారమైనది. అమెరికా గణాంకాల విభాగమే యూజర్ సపోర్ట్‌కి పూర్తి డిగ్రీ అవసరమని చెప్పదు. కాలేజీలో కొంత చదివితే చాలంటుంది. నెట్‌వర్క్ సపోర్ట్‌కి రెండేళ్ల డిగ్రీ, అడ్మినిస్ట్రేటర్‌కి పూర్తి డిగ్రీ మామూలుగా అడుగుతారని చెబుతుంది. అంటే డిగ్రీ లేకుండా లోపలికి రావచ్చు, పైకి పోయేటప్పుడు మాత్రం ఆ లోటు మళ్లీ ఎదురవుతుంది. ముఖ్యంగా అప్లికేషన్లని ముందు సాఫ్ట్‌వేర్ జల్లెడ పట్టే పెద్ద సంస్థల్లో డిగ్రీ గడి ఖాళీగా ఉంటే మనిషి కంటికి చేరకుండానే ఆగిపోవచ్చు. మధ్యస్థాయి కంపెనీల్లో ఈ పట్టింపు తక్కువ.

డిగ్రీ లేని చోట సర్టిఫికెట్ వస్తుంది. మొదటి మెట్టుకి బాగా తెలిసింది కాంప్‌టియా అనే సంస్థ ఇచ్చే ఎ ప్లస్. 1993 నుంచి ఉంది. రెండు పరీక్షలు, ఒక్కోదానికి 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. 100 నుంచి 900 వరకు ఉండే స్కేలు మీద మొదటిదానికి 675, రెండోదానికి 700 రావాలి. హార్డ్‌వేర్, మొబైల్, నెట్‌వర్క్ మొదటిదాంట్లో, ఆపరేటింగ్ సిస్టమ్స్, భద్రత, పని నియమాలు రెండోదాంట్లో ఎక్కువగా వస్తాయి. 2011కి ముందు పాసైనవాళ్లకి ఇది జీవితకాలపు పట్టా. ఆ తర్వాతివాళ్లకి మూడేళ్లే. గూగుల్ 2018 జనవరిలో మొదలుపెట్టిన ఐటీ సపోర్ట్ కోర్సు కూడా ఇంచుమించు ఈ మెట్టుకే. ఏమీ తెలియనివాళ్లకి నేర్పడంలో అది మేలు. ఉద్యోగ ప్రకటనల్లో పేరు కనబడటంలో ఎ ప్లస్ మేలు.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. మొదటి ఉద్యోగం ఇప్పించిన సర్టిఫికెట్ రెండోది కూడా ఇప్పిస్తుందనుకుని, అదే ఎత్తులో ఉన్న మరో మూడు సర్టిఫికెట్లు చేస్తారు. గోడకి పక్కపక్కన నాలుగు నిచ్చెనలు వేసినంత మాత్రాన మేడ ఎక్కినట్టు కాదు. సర్టిఫికెట్‌కి విలువ వచ్చేది ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి మారే సమయంలోనే. అప్పుడు అది చేసిన పనికి సాక్ష్యం కాదు, చేయబోయే పనికి పూచీ. నెట్‌వర్క్ వైపు వెళ్లాలనుకుంటే సిస్కో కంపెనీ ఇచ్చే సీసీఎన్ఏ అలాంటిది. 1998లో వచ్చింది, 2020 ఫిబ్రవరి నుంచి ఒకే పరీక్షగా మారింది, మూడేళ్లు చెల్లుతుంది. లినక్స్ వైపు వెళ్లేవాళ్లకి రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ. ఇందులో ఎ, బి, సి, డి గుర్తు పెట్టడం ఉండదు. నడుస్తున్న మెషిన్ ముందు కూర్చోబెట్టి పనులు చెబుతారు. చేసిన మార్పులు మెషిన్ రీబూట్ అయ్యాక కూడా నిలిచి ఉండాలి, లేకపోతే మార్కులు పోతాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి దాని మీద గురి ఎక్కువగా ఉండటానికి కారణం అదే. ప్రశ్నల బ్యాంకులు బట్టీ పట్టి పాసవ్వడం అక్కడ కష్టం.

చెల్లుబాటు సంగతి కూడా పట్టించుకోవాలి. మైక్రోసాఫ్ట్ 2021 జనవరి 31న ఎంసీఎస్ఏ, ఎంసీఎస్ఈ లాంటి పాత సర్టిఫికేషన్లని నిలిపేసింది. వాటి జాగాలో ఉద్యోగ పాత్రల పేరుతో వచ్చినవి, అసోసియేట్ స్థాయిలో, ఏడాదే చెల్లుతాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా పొడిగించుకోవచ్చు. రెజ్యూమెలో ఇప్పటికీ ఎంసీఎస్ఈ అని మొదటి వరసలో రాసుకున్నవాళ్లు, అది గొప్ప సర్టిఫికెట్టే అయినా, తాము ఆ తర్వాత ఏమీ చేయలేదని తామే చెప్పుకుంటున్నట్టవుతుంది.

సర్టిఫికెట్‌తో వెంటనే జీతం పెరుగుతుందన్న ప్రచారాన్ని మాత్రం జాగ్రత్తగా చూడాలి. సర్టిఫికెట్ ఉన్నవాళ్ల సగటు జీతం ఎక్కువ అని చెప్పే సర్వేల్లో ఒక చిక్కుంది: పెద్ద సర్టిఫికెట్లు రాసేవాళ్లు అప్పటికే పెద్ద పనుల్లో ఉన్నవాళ్లు. సర్టిఫికెట్ వల్ల జీతం వచ్చిందా, ఆ జీతమున్న ఉద్యోగంలో ఉన్నందుకు సర్టిఫికెట్ వచ్చిందా అన్నది ఆ సగటు చెప్పదు.

అనుభవం ఎలా పాతబడుతుంది

ఎల్1 పని మొదటి ఆరునెలలు నిజంగానే బడి. మనుషులు సమస్యని ఎలా చెబుతారో, చెప్పేదానికీ జరిగినదానికీ ఎంత దూరమో అక్కడే తెలుస్తుంది. "ఏమీ ముట్టుకోలేదండీ, దానంతటదే పోయింది" అన్న మాటని గౌరవంగా వింటూనే, ఏం ముట్టుకున్నారో కనుక్కోవడం ఒక కళ. కోపంగా ఉన్న మనిషితో ముందు మాట్లాడాలా, ముందు మెషిన్ చూడాలా అన్నది ఏ పరీక్షా సరిగ్గా కొలవలేదు. పై మెట్ల మీద ఉన్న కొందరు ఈ నైపుణ్యాన్ని చిన్నచూపు చూస్తారు, తర్వాత మేనేజర్లయ్యాక దాని కోసం వెతుక్కుంటారు.

ఆరునెలల తర్వాత, మహా అయితే ఏడాదికి, కొత్త రకం టికెట్లు రావడం తగ్గిపోతుంది. అక్కడి నుంచి పని తేలికవుతుంది, చెయ్యి దానంతటదే మీటలు నొక్కేస్తుంది. జీవితం హాయిగా ఉంటుంది. ఆ హాయి నాలుగేళ్లు సాగితే రెజ్యూమెలో ఐదేళ్లు పడతాయి, కానీ ఇంటర్వ్యూలో అడిగేవాళ్లకి కనబడేది మొదటి ఏడాదే. వాళ్లు అడిగే ప్రశ్న కూడా చాలా మామూలుది: "ఒక యూజర్‌కి ఇంటర్నెట్ రావట్లేదు, ఏం చేస్తారు?" ఐదేళ్ల మనిషి "రౌటర్ రీస్టార్ట్ చేయిస్తాను" అంటే సంభాషణ అక్కడే ముగిసింది. ఒక్కరికేనా, అందరికీనా అని ముందు అడిగినవాళ్ల మీద ఆసక్తి పుడుతుంది. ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతోందేమో చూస్తాను, అలా ఉంటే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాలేదన్నమాట, అడ్రస్ సరిగా ఉండి అంకెలతో వెళ్తే వెళ్లి పేరుతో వెళ్తే ఆగిపోతే పేర్లని అంకెల అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్ వైపు చూస్తాను, అని వరసగా చెప్పినవాళ్లకి రెండేళ్ల అనుభవమే ఉన్నా ఉద్యోగం వస్తుంది. అక్కడ అడుగుతున్నది సమాధానం కాదు, వెతికే వరస.

ఏళ్ల లెక్క రాసే చోట పని లెక్క రాయడం చాలామందికి రాదు. "యూజర్ల సాంకేతిక సమస్యలు పరిష్కరించాను" అన్న వాక్యం లక్ష రెజ్యూమెల్లో ఉంటుంది. "ఒక ఆఫీసు నుంచి వారానికి పదకొండు లాగిన్ టికెట్లు వస్తుంటే, గడియారం తేడా వల్లేనని గుర్తించి, ఆధారాలతో సర్వర్ టీమ్‌కి పంపాను, తర్వాత అవి ఆగిపోయాయి" అన్నది ఒక్కరి రెజ్యూమెలోనే ఉంటుంది. గమనించండి, ఇందులో సర్వర్ సెట్టింగ్ మార్చింది వేరేవాళ్లు. ఎల్1, ఎల్2లో ఉన్నవాళ్లకి ఆ హక్కు లేదు. కానీ పదకొండు టికెట్లని ఒక తాడుకి కట్టడానికి ఏ హక్కూ అక్కర్లేదు. టికెట్ పైకి పంపేటప్పుడు "పని చేయట్లేదు, దయచేసి చూడండి" అని రాసే బదులు, ఏం చూశారో, ఏది కాదని తేలిందో నాలుగు వాక్యాలు రాసేవాళ్ల పేరు పై టీమ్‌కి రెండు మూడు నెలల్లో తెలిసిపోతుంది. అక్కడ ఖాళీ వచ్చినప్పుడు ముందు గుర్తొచ్చేది ఆ పేరే. ఒకే రకం టికెట్‌కి పరిష్కారం రాసి నాలెడ్జ్ బేస్‌లో పెట్టడం, రోజూ చేతితో చేసే పనికి పవర్‌షెల్ అనే కమాండ్ల పనిముట్టులో చిన్న స్క్రిప్ట్ రాయడం కూడా ఇలాంటివే. పవర్‌షెల్ 2006 నుంచి ఉంది, విండోస్‌తోనే వస్తుంది, నేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా హెల్ప్‌డెస్క్‌ల్లో దాన్ని తెరిచి చూసేవాళ్లు ఇప్పటికీ తక్కువే.

కింది మెట్టు మారిపోతోంది. పాస్‌వర్డ్ రీసెట్ చాలాచోట్ల యూజర్లే చేసుకుంటున్నారు. కొత్త లాప్‌టాప్ పెట్టెలోంచి తీసి ఇంటర్నెట్‌కి కలిపితే, కంపెనీ సెట్టింగులన్నీ ఇంట్యూన్ లాంటి వ్యవస్థల నుంచి వాటంతటవే దిగుతున్నాయి. మొదటి ప్రశ్నకి చాట్‌బాట్ జవాబు చెబుతోంది. దీనివల్ల సపోర్ట్ ఉద్యోగాలే పోతాయన్న టెన్షన్ అందరిలోనూ ఉంది. కింది మెట్టు మీద మనుషుల సంఖ్య తగ్గడం నిజమే. కానీ మనిషి దాకా వచ్చే టికెట్ ఇప్పుడు బాట్‌తో అరగంట తలపడి విసిగి వచ్చిన టికెట్. సులువైనవి దారిలోనే రాలిపోయాయి. అంటే ఫ్రెషర్‌కి మొదటి రోజునే ఒకప్పటి ఎల్2 పని తగులుతోంది, జీతం మాత్రం ఎల్1దే. ఈ బేరంలో కంపెనీకే లాభం. అయితే ఒకప్పుడు ఏడాదిన్నరకి చూసే సమస్యల్ని నాలుగు నెలల్లో చూడగలగడం నేర్చుకునేవాళ్లకి కూడా చిన్న లాభం కాదు, ఆ జీతం మీద మరీ ఎక్కువ కాలం ఉండిపోకపోతే.

జీతం పెంచమని అడగడానికి అనువైన సమయం కూడా వార్షిక సమీక్ష కాదు. అప్పటికి పై నుంచి శాతం ఖరారై వచ్చేసి ఉంటుంది, మేనేజర్ చేతిలో ఉండేది పంచడమే. కొత్త యాక్సెస్ ఇస్తున్నప్పుడు, ఆన్‌కాల్ జాబితాలో పేరు చేరుస్తున్నప్పుడు, వెళ్లిపోయినవాళ్ల పని తాత్కాలికంగా అప్పగిస్తున్నప్పుడు అడగాలి. తాత్కాలికం అన్నది ఎప్పటివరకో రాతలో తీసుకోవాలి. లోపలి నుంచి పైకి వెళ్లినవాళ్లకి పాత జీతం మీద శాతం కలుపుతారు. బయటి నుంచి అదే కుర్చీకి వచ్చినవాళ్లకి ఆ కుర్చీ రేటు ఇస్తారు. కాబట్టి పైమెట్టు పనిని ఒకచోట నేర్చుకుని, దాని జీతాన్ని ఇంకోచోట తీసుకోవడం ఈ రంగంలో మామూలైపోయింది. తప్పు పట్టాల్సిన పని లేదు, లెక్క అలా ఉంది.

చేతికొచ్చిన ఆఫర్‌ని చూసేటప్పుడు జీతం అంకె పక్కన మూడు ప్రశ్నలు పెట్టుకోవచ్చు. చేరిన ఆర్నెల్లకి ఏ హక్కులు ఇస్తారు? ఆన్‌కాల్ ఎన్ని వారాలకొకసారి వస్తుంది, దానికి విడిగా ఇస్తారా? ఈ టీమ్ పరిష్కరించలేని టికెట్ ఎక్కడికి పోతుంది, పోయాక దాని సంగతి వెనక్కి తెలుస్తుందా? మూడోదానికి "అది వేరే టీమ్ చూసుకుంటుంది, మనకి కనబడదు" అన్న జవాబు వస్తే, ఆఫర్ లెటర్ మీద హోదా సీనియర్ అయినా, లీడ్ అయినా, ఆ కుర్చీ నంబరు 3512. మొదటి ఉద్యోగమైతే అదీ తీసుకోవచ్చు, ఎప్పటికల్లా లేవాలో ముందే అనుకుని.